ధవళపాద సిద్ధుడి అరికాలు

మణిసేల రాజ్యానికి ఉత్తరాన కొండలన్నీ అడవుల్ని జడలుగా అల్లుకుని నిలబడితే, వాటి నడుమ ఒక్క కొండ మాత్రం పుట్టువెంట్రుకలు తీయించుకున్న పసిబిడ్డలా నున్నటి తలతో మబ్బుల్లో కూర్చుని ఉంటుంది. పండితులు దానికి ముండితగిరి అని పేరు పెట్టారు. జనం మాత్రం పెద్దబోడి అంటారు. దాని పక్కనే, అదే పోలికతో, కాస్త పొట్టిగా మరొకటి ఉంది. అది చిన్నబోడి.

శిశిరం వెళ్ళీ వెళ్ళక, వసంతం వచ్చీ రాక ఉన్న రోజులవి. కొండ పాదాల దగ్గర మోదుగులు ఒక్క ఆకైనా లేకుండా ఎర్రగా విరబూసి, అడవికి నిప్పంటుకుందేమో అని భ్రమపెడుతున్నాయి. రాలిన ఇప్పపూల మత్తువాసన లోయంతా పరుచుకుని ఉంది. పైకి పోయేకొద్దీ చెట్లు పొట్టివై పొదలయ్యాయి, పొదలు చిక్కి గడ్డి అయ్యాయి. చివరికి గడ్డి కూడా ఇక నావల్ల కాదని ఆగిపోయిన చోట పరుపుబండ మొదలైంది. ఏనుగుల మంద ఒకదాన్నొకటి ఆనుకుని నిద్రపోతున్నట్టు ఆ బండలు మంచులో తడిసి నల్లగా మెరుస్తున్నాయి.

ఆ గడ్డివాలు మీద ఉదయాన్నే ఇద్దరు ఎక్కుతున్నారు. ముందు బొడ్డుదాకా తెల్లటి గడ్డంతో ఒక వృద్ధ సిద్ధుడు, వెనక కాషాయం చుట్టుకుని, భుజాన సొరబుర్ర తగిలించుకున్న ఒక యోగిని. సిద్ధుడు మేకపిల్లలా చెంగుచెంగున రాయి మీంచి రాయి మీదికి దూకుతున్నాడు. యోగిని రొప్పుతూ, ప్రతి రాయినీ కాలితో తట్టి చూసి గానీ అడుగు వెయ్యడం లేదు.

“మెల్లగా పోరా. నూరేళ్ళ ముసలోడివి, ఆ సంగతి గుర్తుందా?” అంది యోగిని.

సిద్ధుడు వెనక్కి తిరిగి నవ్వాడు. “నూరేళ్ళ ముసలోణ్ణి ఎవరైనా రా, పో అంటారా అమ్మా?”

వాడు సిద్ధుడూ కాదు, ఆమె యోగినీ కాదు. కొండ దిగువ పల్లెలో కంబళ్ళు నేసుకుని బతికే మాచమ్మ ఆమె. గడ్డం వెనక ఉన్నది ఆమె చిన్నకొడుకు బయ్యన్న. వాడికింకా మీసం కూడా సరిగా రాలేదు.

పెద్దకొడుకు సింగన్న కొండదారులన్నీ తెలిసినవాడు. పోయిన వసంతంలో మణిసేల యువరాజు కీర్తిసేనుడు పెద్దబోడి శిఖరం చూస్తానని ముచ్చటపడితే, దారి చూపించడానికి వెంట వెళ్ళాడు. ఇద్దరూ తిరిగి రాలేదు. పైన కాపురముంటున్న కరాళనాథుడనే మాంత్రికుడు తన బండ మీద కాలుపెట్టిన వాళ్ళందరినీ రాళ్ళుగా మార్చేస్తున్నాడని ఆ తర్వాత తెలిసింది. రాజుగారు పంపిన సైన్యంలో సగం అక్కడే రాళ్ళై నిలబడిపోయింది. మిగతా సగం పరుగున దిగివచ్చింది.

మాచమ్మ ఏడ్చింది, తిండి మానేసింది, కనబడిన ప్రతి గుడిలోనూ ముడుపు కట్టింది. చివరికి లోయలో తపస్సు చేసుకునే ఒక ముని ఆమెకు ఉపాయం చెప్పాడు. శిఖరం మీద ఒక దోన ఉంది. బండ తొలిచినట్టున్న ఆ చిన్న మడుగులోని నీళ్ళు రాయైన మనిషి తలమీద పోస్తే మళ్ళీ ప్రాణం వస్తుంది. కానీ ఆ నీళ్ళలో ఒక పాము నిద్రపోతుంటుంది. కరాళనాథుడి చెయ్యి తప్ప ఏ చెయ్యి ముంచినా అది కాటేస్తుంది. తనకంటే పెద్దవాడైన సిద్ధుడు వస్తే ఆ నీళ్ళతో స్వయంగా కాళ్ళు కడుగుతానని మాంత్రికుడు తన గురువుకు మాట ఇచ్చాడు. ఆ మాట తప్పితే వాడి శక్తులు పోతాయి. కడిగిన నీళ్ళను పాదతీర్థమని పట్టుకుంటే చాలు. ఇదంతా వసంతంలో తొలి ఉరుము ఉరిమేలోగా జరగాలి. ఆ ఉరుము విన్న రాయి ఇక ఎప్పటికీ రాయే.

ఇంతా విని మాచమ్మ మునిని అడిగింది ఒక్కటే. పైన చలి ఎక్కువగా ఉంటుందా అని.

బయ్యన్నను ఒంటరిగా పంపడానికి ఆమెకు మనసొప్పలేదు. పోనీ వద్దందామంటే పెద్దవాడు కళ్ళలో మెదిలాడు. అందుకే తనే శిష్యురాలి వేషం వేసుకుని బయల్దేరింది. దారి పొడవునా ఆమెకు చావు అన్ని రూపాల్లోనూ కనిపించింది. ఇప్పపూలు తిని మత్తెక్కిన ఎలుగుబంటిగా కనిపించింది, కాలికింద కదిలే రాయిగా కనిపించింది, కొండచరియకు వేలాడుతున్న తేనెపట్టుగా కనిపించింది. మేకవెంట్రుకలను చింతగింజల బంకతో అతికించి తనే తయారుచేసిన గడ్డం ఎండకు ఊడుతుందేమో అని ఒక భయం, ఊడకుండా చర్మం పట్టుకుని వస్తుందేమో అని ఇంకో భయం. గాలి వీచినప్పుడల్లా వాడి చెవులు కప్పింది. ఆగినప్పుడల్లా గడ్డం పైకెత్తి సజ్జరొట్టె ముక్క నోట్లో పెట్టింది.

బయల్దేరేముందు బయ్యన్న ఒకటి గట్టిగా చెప్పాడు. కాటుక భరిణె ఇంట్లోనే వదిలెయ్యమన్నాడు. పుట్టిన దగ్గర్నుంచి ఇల్లు కదిలితే చాలు, తల్లి దిష్టిచుక్క పెట్టకుండా పంపదు. నూరేళ్ళ సిద్ధుడి బుగ్గన కాటుకచుక్క ఉంటే ఎవడైనా నమ్ముతాడా అని బతిమాలాడు. మాచమ్మ బుద్ధిగా తలూపింది. తలూపుతూనే భరిణె చెంగున ముడివేసుకుంది.

ఆ తెల్లవారుజామున, బండ కింద వాడు గాఢనిద్రలో ఉండగా, ఆమె చాలాసేపు ఆలోచించింది. బుగ్గన పెడితే నిజంగానే వేషం బయటపడుతుంది. నుదుటన విభూతి ఉంది. చివరికి ఎడమ అరికాల్లో, ఎవరి కంటా పడని చోట, గుండ్రంగా ఒక చుక్క పెట్టింది. నేలకు ఆనే చోటు ఎవరు చూస్తారులే అనుకుని, దణ్ణం పెట్టుకుని, రొట్టెలు సర్దుకుంది.

పొద్దు బారెడెక్కేసరికి ఇద్దరూ శిఖరం చేరారు.

అలాంటి చోటును మాచమ్మ కలలో కూడా చూడలేదు. ఒక్క చెట్టు లేదు. కనుచూపు ఆగేదాకా ఆకాశమూ బండా తప్ప మరేమీ లేవు. బండ పగుళ్ళలో గోరంత మట్టి ఉన్నచోటల్లా పసుపుపచ్చని చిట్టిపూలు గుత్తులుగా పూసి, చీర అంచున కుట్టిన చుక్కల్లా ఉన్నాయి. వాటి మధ్య మనిషెత్తు రాళ్ళు, కొన్ని నిలబడి, కొన్ని వంగి, కొన్ని మోకాళ్ళ మీద కూలబడి, లెక్కలేనన్ని ఉన్నాయి. అవి ఏమిటో తెలిశాక మాచమ్మ అక్కడే ఆగింది. ఇంతమందికీ ఇంటిదగ్గర తల్లులుంటారు కదా అనుకుంది.

రాళ్ళ మధ్య నుంచి కరాళనాథుడు వచ్చాడు. తాటిచెట్టంత పొడవు, నిప్పుకణికల్లాంటి కళ్ళు, చెవులకు పులిగోళ్ళు, మెడలో మోకాళ్ళదాకా వేలాడే ఎముకపూసల దండ. రాయైన ప్రతి మనిషికీ ఒక పూస చొప్పున ఆ దండ పెరుగుతూ వచ్చిందట. వాడు అరచెయ్యి ఎత్తి మంత్రం మొదలుపెట్టబోయాడు.

“హిమవంతం నుంచి వస్తున్నాం. మమ్మల్ని ధవళపాద సిద్ధులంటారు. పాపం సోకని తెల్లటి పాదాలు మావి. నీ గురువు మా ముందు ఓనమాలు దిద్దినవాడు,” అన్నాడు బయ్యన్న, ముని నేర్పిన గొంతుతో.

ఎత్తిన అరచెయ్యి కిందికి దిగింది. కరాళనాథుడు చేతులు కట్టుకుని, ఇన్నాళ్ళకు తన బండ పావనమైందన్నాడు. సిద్ధుణ్ణి ఎత్తైన రాతిపీట మీద కూర్చోబెట్టాడు. దోనలో దోసిళ్ళు ముంచి రాగిపళ్ళెం నింపుకొచ్చి, పీటముందు గొంతుక్కూర్చున్నాడు. మాచమ్మ సొరబుర్ర మూత తీసి పక్కన నిలబడింది. అంతా ముని చెప్పినట్టే జరుగుతోంది.

కరాళనాథుడు ముందు కుడికాలు పళ్ళెంలోకి తీసుకున్నాడు. అప్పుడు వెలిగింది మాచమ్మకు. కడిగేవాడు కాలు ఎత్తుతాడు, అరికాలు తిప్పి చూస్తాడు, తెల్లటి పాదాల సిద్ధుడి ఎడమ అరికాల్లో పావలాబిళ్ళంత నల్లచుక్క. ఈ దారిలో తను భయపడనిది లేదు, ఈ ఒక్కటి తప్ప.

దానికి తోడు బయ్యన్నకు కితకితలెక్కువ. అరికాలు ముట్టుకుంటే ఇల్లెగిరేలా నవ్వుతాడు. మాంత్రికుడి గరుకు వేళ్ళు కుడి అరికాలి మీద తిరుగుతుంటే వాడు పళ్ళు బిగించాడు, కళ్ళు మూశాడు, గడ్డంతో సహా గజగజ వణికిపోయాడు. సిద్ధులు సమాధిలోకి వెళుతున్నారు కాబోలని కరాళనాథుడు ఇంకా భక్తిగా రుద్దాడు.

తర్వాత ఎడమకాలు ఎత్తాడు. నీళ్ళు పోశాడు. తల వంచి చూశాడు.

“ఇదేమిటి?” అన్నాడు. గొంతు మారింది. “ఇది కాటుకలా ఉందే. ఎవరో తల్లి బిడ్డకు పెట్టినట్టుందే.”

మాచమ్మ ఆ కాలిమీద పడిపోయింది. రెండు చేతులతో అరికాలు పట్టుకుని, కాషాయపు చెంగుతో రుద్దుతూ భోరుమని ఏడ్చింది. ఆ ఏడుపు కోసం ఆమె పెద్దగా కష్టపడనక్కర్లేకపోయింది. ఆముదంతో చేసిన కాటుక అది, చెరగలేదు సరికదా, పాదమంతా పాకింది.

“తప్పు నాదే స్వామీ,” అంది. “కింద లోయలో ఒక పాపిష్టివాడు కాళ్ళమీద పడితే ఆపలేకపోయాను. వాడి పాపం స్వామివారి కాలికి అంటుకుంది. తెల్లటి పాదం కాబట్టి అలా నల్లగా కనబడుతోంది.”

కరాళనాథుడు ఆ పాదాన్ని తిప్పి తిప్పి చూశాడు. తర్వాత గొంతు తగ్గించి, తన పాపం కూడా కాస్త తీసుకుంటారా అని సిగ్గుపడుతూ అడిగాడు. చాలా ఉందన్నాడు. సిద్ధుడు సరేనన్నట్టు చెయ్యెత్తాడు. కరాళనాథుడు నుదురు తీసుకెళ్ళి ఆ తడి అరికాలికి ఆనించాడు. మళ్ళీ తలెత్తేసరికి వాడి నుదుటి నడుమ గుండ్రంగా నల్లచుక్క పడింది. స్నానం చేయించి ఉయ్యాల్లో వేసిన పసివాడిలా ఉన్నాడు. అంత భయంలోనూ మాచమ్మకు, వీడికి చిన్నప్పుడు ఇలా పెట్టేవాళ్ళు లేకపోయారేమో అనిపించింది.

కాళ్ళు కడిగిన నీళ్ళను ఆమె బొట్టు కిందపడకుండా సొరబుర్రలోకి ఒంపుకుంది. సిద్ధులకు ఏకాంతంగా జపం చేసుకోవాలని ఉందని చెప్పింది. అతిథులకు తన చేత్తో వండి పెడతానని కరాళనాథుడు బండ చాటున ఉన్న వంటపాక్కి వెళ్ళాడు. ఉప్పు తగ్గించమంటారా అని మధ్యలో ఒకసారి తల బయటపెట్టి అడిగాడు కూడా.

ఆ తల లోపలికి పోయిందో లేదో, తల్లీకొడుకులు రాళ్ళ మధ్య పరుగందుకున్నారు.

బుర్రలో ఉన్నది ఒక్క మనిషికి సరిపడా నీళ్ళు. ఏ రాయి సింగన్న? అన్నిటి ముఖాలూ వానకు అరిగి ఒకేలా ఉన్నాయి. బయ్యన్న ఎత్తును బట్టి వెతికాడు. మాచమ్మ ఒక్కొక్క రాయినీ తడుముతూ పోయింది. దక్షిణాన ఆకాశం అంచున మబ్బు లేస్తోంది. అంతలో అంచున ఒంటరిగా నిలబడిన ఒక రాయి మీద వేళ్ళు ఆగిపోయాయి. ఆ రాయి భుజాల చుట్టూ కంబళి మడతలున్నాయి. మడతల అంచున, రాతిలో కూడా చెరగకుండా, ఒకచోట నేత తప్పి పోగు పక్కకు జారింది. సింగన్న కోసం నేస్తూ, వాడు గుమ్మంలో కాలుజారి పడితే అదిరిపడి ఆమె తప్పిన పోగు అది.

ఆమె ఇక ఆలోచించలేదు. బుర్ర ఎత్తి నీళ్ళన్నీ ఆ రాతి తలమీద ఒంపేసింది.

రాయి నిట్టూర్చింది. నలుపు కరిగి చర్మమైంది, జుట్టు గాలికి కదిలింది. కంబళి ఉన్నిలా మెత్తబడి భుజాలమీదికి జారింది. ఆ కంబళిలోంచి పెద్ద పెద్ద కళ్ళతో, పాలుగారే ముఖంతో ఒక యువకుడు ఆమెకేసి చూశాడు.

సింగన్న కాదు.

ఆమె చేతిలోంచి బుర్ర జారి బండమీద దొర్లిపోయింది. ఆ పిల్లవాడు చలికి వణుకుతున్నాడు. ఆమె చేతులు వాటంతట అవే ముందుకు వెళ్ళి కంబళి వాడి మెడచుట్టూ గట్టిగా చుట్టి, చెవులు కప్పాయి.

“ఎవరి బిడ్డవు నాయనా?” అంది. “నా కొడుకు కంబళి నీ దగ్గరికి ఎట్లా వచ్చింది? వాడికి చలి ఆగదు. ముక్కు కారితే నెల్లాళ్ళు తగ్గదు వాడికి. అడిగి తీసుకున్నావా, లాక్కున్నావా?”

ఆ యువకుడు తలవంచి, తాను కీర్తిసేనుణ్ణని చెప్పాడు. అమ్మ గద్దించింది రాజుగారి కొడుకునని తెలిసి బయ్యన్న నాలుక కరుచుకున్నాడు గానీ మాచమ్మ చెయ్యి కంబళి మీంచి తియ్యలేదు. చెప్పు నాయనా అంది. కొండెక్కేటప్పుడు తన పట్టుబట్టలు చలికి ఆగలేదట. వణుకుతుంటే చూడలేక సింగన్న తన కంబళి తీసి కప్పి, తడిసిన పట్టు అంగీ తాను వేసుకున్నాడట. అంతలోనే మాంత్రికుడు మీద పడ్డాడు. కంబళి కప్పుకున్నవాణ్ణి దారి చూపేవాడనుకుని అప్పటికప్పుడు రాయిని చేశాడు. పట్టు అంగీలో ఉన్నవాణ్ణి రాజవంశపు బిడ్డ అనుకుని ప్రాణాలతో లాక్కుపోయాడు.

“వచ్చే వసంతంలో తొలి ఉరుము ఉరిమినప్పుడు తన దేవతకు రాజరక్తం ఇస్తాడటమ్మా. చిన్నబోడి గుహలో దాచి మేపుతానన్నాడు. ఆ మాటలు వింటూ ఉండగానే నాకు చెవులు రాయైపోయాయి,” అన్నాడు కీర్తిసేనుడు.

బతికే ఉన్నాడు. మాచమ్మ చిన్నబోడి వైపు తిరిగింది. కానీ అడుగు వేసే తీరిక దొరకలేదు.

వంటపాకలో టప్పున ఏదో పగిలింది. కరాళనాథుడి మెడలోని పూస అది. నుదుట కాటుకచుక్కతో, చేతిలో పులుసు కారుతున్న గరిటెతో వాడు బయటికి దూకాడు. ప్రాణం వచ్చిన యువకుణ్ణి చూశాడు. కంబళి మడతల్లోంచి బయటపడ్డ వాడి వేలికి మణిసేల రాజముద్రను చూశాడు.

“యువరాజువి నువ్వా?” అన్నాడు నెమ్మదిగా. “అయితే ఏడాదిగా నేను గుహలో పాలూ తేనే పోసి పెంచుతున్నవాడెవడు?”

ఆ మాటతో మాచమ్మకు అర్థమైంది. ఇన్నాళ్ళూ సింగన్నను బతికించింది ఆ పొరపాటే. ఇప్పుడు నీళ్ళు పోసి దాన్ని తనే విప్పేసింది.

కరాళనాథుడు అరచెయ్యి ఎత్తి మంత్రం అందుకున్నాడు. బయ్యన్న ఒక్క గంతులో వాడి మీద పడి, తన గడ్డాన్ని రెండు చేతులా పట్టుకుని పీకాడు. చింతగింజల బంక, దాంతోపాటు కాస్త చర్మం కూడా లేచి వచ్చింది. ఆ గడ్డాన్ని మాంత్రికుడి ముఖాన మెత్తాడు. బంక వాడి కనురెప్పలకూ పెదాలకూ అతుక్కుపోయింది. మంత్రం నోట్లోనే ముద్దయింది. వాడు గింజుకుంటూ గరిటెను గాలిలో తిప్పాడు, తన రాళ్ళకే గుద్దుకున్నాడు.

మాచమ్మ ఇద్దరి చేతులూ పట్టుకుని పరుగెత్తింది.

పెద్దబోడికీ చిన్నబోడికీ మధ్య ఒకటే దారి. గాడిదవీపు అంటారు దాన్ని. ఒక మనిషి పట్టేంత సన్నటి రాతిగట్టు, రెండు పక్కలా మంచు నిండిన లోయ. మంచు చీలినచోట అడుగున ఎక్కడో మోదుగుపూలు ఎర్రటి నలుసుల్లా కనబడుతున్నాయి. కీర్తిసేనుడు తాను ముందు నడుస్తానన్నాడు, కాళ్ళింకా రాతిలా బరువుగా ఉన్నాయని ఒప్పుకున్నాడు. బయ్యన్న తాను వెళతానన్నాడు, వాడి చుబుకం కింద రక్తం కారుతోంది. నువ్వు దూకుతావు, పడతావు, నేను చూడలేనంది మాచమ్మ. ఎవరి మాటా వినకుండా చీర కాసెపోసి కట్టి, గట్టుమీద గాడిదెక్కినట్టు కూర్చుని, చేతులతో ముందుకు జరగడం మొదలుపెట్టింది.

ఆమెకు అన్నీ భయాలే. గాలి తోసేస్తుందని భయం, రాయి ఊడుతుందని భయం, వెనక బయ్యన్న కిందికి చూస్తాడని భయం. ఆ రాజుబిడ్డకు ఏమైనా అయితే వాళ్ళమ్మకు ఏం చెప్పాలో అని భయం. అన్నిటినీ పైకి సణుక్కుంటూనే జరిగింది. వెనక ఇద్దరూ ఆ సణుగుడు పట్టుకుని, మంచులో ఆమె ఎక్కడుందో తెలుసుకుంటూ వచ్చారు.

సగం గట్టు దాటేసరికి ఎదుటి మంచులోంచి ఒక దగ్గు వినబడింది. పొడిదగ్గు, చివర్లో చిన్న ఈలలాంటి కూతతో. మాచమ్మ ఆగిపోయింది. ఏ మునీ చెప్పకపోయినా, ఏ కంబళీ లేకపోయినా ఆ దగ్గు ఎవరిదో ఆమెకు తెలుసు.

“సింగా,” అంది. “గుండెకేమైనా కప్పుకున్నావా?”

దగ్గు ఆగింది. గుహలోంచి, నమ్మలేనట్టుగా, ఒక గొంతు వచ్చింది.

“అమ్మా?”

వెనక పెద్దబోడి మీద కరాళనాథుడి మంత్రం మళ్ళీ స్పష్టంగా వినబడసాగింది. బంక ఊడినట్టుంది. కూర్చున్న రాతిగట్టు ఆమె కిందనే సన్నగా వణికింది. దక్షిణాన లేచిన మబ్బు నడినెత్తికి వచ్చి, ఒక్కసారి లోయంతా తెల్లగా మెరిసింది.

మెరుపు మెరిశాక, బలికి గుర్తైన ఆ తొలి ఉరుము చెవిని చేరడానికి కాస్త వ్యవధి ఉంటుంది. మాచమ్మ రెండు చేతులూ రాతికి ఆనించి, ఒంట్లో ఉన్న బలమంతా కూడదీసుకుని, కొడుకు గొంతు వినబడిన వైపు, ఆ వ్యవధిలోకి తోసుకుంటూ వెళ్ళింది.